తాడు కోసిన చెయ్యి

వనపర్తి బస్టాండు ముందు పల్లికాయ ఉడికే ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, ఉప్పునుంతల దగ్గరి మా మెట్ట చెలక, కాయ పీకే ఎండకాలపు మొదటి రోజులు, గోళ్లలో ఇరుక్కున్న ఎర్రమన్ను, వేపచెట్టు నీడన విప్పుకున్న జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు, కూలికొచ్చిన ఆడవాళ్ల పరాచికాలు అన్నీ ఒక్కసారిగా ముసురుకుంటాయి. వాటి వెనకే ఆ భయమూ వస్తుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. తిని మళ్లీ సాళ్లలో కూర్చున్నామో లేదో, ఇల్లంత తెల్లని పారాచూట్ ఒకటి, కింద వేలాడే వెండిరంగు పెట్టెతో, చప్పుడు లేకుండా మా చెలకలో దిగింది. బాంబని అరుస్తూ ఆడవాళ్లు గట్టు దాటారు. కుప్పేసిన కాయ మీద పడిన గుడ్డను లాగేద్దామని అమ్మ మాత్రం తాళ్లు పట్టుకుంది. అప్పుడే గాలి లేచింది. గుడ్డ బుస్సుమని పొంగింది. తాళ్లు అమ్మ మణికట్టుకు చుట్టుకుని ఆమెను సాళ్ల మీదుగా బావివైపు ఈడ్చుకుపోసాగాయి. ఆ బావికి గోడ లేదు.

నా అరుపుకు మా పెద్దనాయన కొడవలితో ఉరికొచ్చాడు.

"చెయ్యి గుంజకు, గట్లనే పండు!"

ఒక తాడు తెగింది. రెండోది తెగలేదు. నేను అమ్మ కాళ్లు పట్టుకుంటే నన్నూ ఈడ్చింది. బావి నాలుగు బారల దూరం ఉందనగా రెండోదీ తెగి, గుడ్డ ఎగిరి తుమ్మకంపకు చిక్కింది.

కంప కింద ఆగిన పెట్టె మీది అక్షరాలు నేనే చదివాను: ప్రభుత్వ సొత్తు, ముట్టరాదు. పెద్దనాయన ముఖం పాలిపోయింది.

"జైల్ల ఏస్తరేమో. బాయిల పారేద్దాం."

"వద్దు బావా," అంది అమ్మ, నెత్తురోడే చేతిని కొంగుతో కట్టుకుంటూ. "తాడు నేనే కోసిన అని చెప్త."

పొద్దుగూకకముందే జీపు వచ్చింది. దిగిన ఆఫీసరమ్మ తెగిన తాళ్లను చూసింది. అమ్మ "నేనే కోసిన" అంది. ఆఫీసరమ్మ ఆ చేయి పట్టి చూసి, "పెట్టె సంగతి తర్వాత. ముందు దవాఖానకు పోదాం, ఎక్కండి," అంది.

దారిలో ధైర్యం తెచ్చుకుని పెట్టెలో ఏముందని ఆఫీసరమ్మను అడిగాను. పెద్ద బెలూన్‌కు కట్టి పైకి పంపిన, చాలా ఎత్తున గాలి ఎటు పోతుందో, ఎంత చల్లగా ఉందో చూసే దుర్భిణి అంది.

"గాలి కనవడతదా?"

"కనబడదు. అక్కడ మసక వెలుగు ఉంటుంది. గాలి కదిలితే దాని రంగు రవ్వంత మారుతుంది."

ఇప్పుడు నా పనీ అదే; రాడార్లతో, దుర్భిణులతో పైగాలుల వేగాన్నీ వేడినీ లెక్కగడతాను. చెలకకు కాలువ నీళ్లొచ్చి వరి పండుతోంది, బావి పూడ్చేశారు, కాయ పీకే గుంపులు లేవు. పోయినేడు పెద్దనాయన పోయాడు. దినాలనాడు, అన్నేళ్లూ తానే కోశానంటూ వచ్చిన అమ్మ, ఆనాటి నుంచి సరిగా వంగని ఆ మణికట్టును అందరి ముందూ చాపి, "తాడు కోసింది నేను గాదు, మా బావ," అంది. ఆ మాట వినవలసిన మనిషి మాత్రం అక్కడ లేడు.