కుక్కుటేశ్వరరావు గారి మొదటి రోగి

పైదేశం నుంచి ఎవరైనా వస్తే ఊరంతా "ఏం తెచ్చావ్?" అని అడుగుతుంది. మా కుక్కుటేశ్వరరావు గారు మాత్రం "ఏం అంటించావ్?" అని అడిగేవారు.

నరసాపురంలో మా కాలేజీ లెక్కల శాఖకు ఆయన పెద్ద. నేను ఆయన కింద చిన్న లెక్చరర్ని. ఆయన కిరాణా వ్యాపారం చేసే ఇంట పుట్టి కూడా కందిపప్పు ధర తెలియని మనిషి. ఆయనకు తెలిసినది ఒకటే లెక్క. రోగం ప్రయాణికుడి భుజమెక్కి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎలా పోతుంది, పోయి ఎంతమందికి అంటుకుంటుంది? నిద్రలో కూడా ఇదే గొడవ.

అవి మావాళ్ళు కువైట్ వెళ్ళడం మొదలెట్టిన రోజులు. ఆయనింట్లో గోడ నిండా ప్రపంచపటం. కువైట్‌లో ఒక మేకు, బొంబాయిలో ఒక మేకు, నరసాపురంలో ఒక మేకు. ఏ దారిన జనం ఎంత ఎక్కువ తిరిగితే ఆ దారికి అన్ని పేటల దారం. ఆ దారం ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు లేసు అల్లుకోవడానికి తెచ్చుకున్నది.

"ఏమండీ, నా దారపుండ ఏదండీ?"

"బొంబాయి వెళ్ళిందే!"

"మళ్ళీ ఎప్పుడొస్తుందిట?"

రైలు వేళకు ఆయన స్టేషన్లో ఉండేవారు. ఎవరూ మీదకు రాకుండా గొడుగు ముందుకు చాచి పట్టుకుని మరీ కువైట్ నుంచి దిగినవాళ్ళని పలకరించేవారు.

"చినబాబూ, విమానంలో నీ పక్కన ఎవరైనా తుమ్మారా?"

"ఆయ్, ఎవరో ఈజిప్టు ఆయనండి. మీకెలా తెలిసిందండి?"

"టైగర్ బామ్ ఎన్నిళ్ళకి పంచుతావు?"

"ఓ పాతికిళ్ళకండి."

"అయితే పాతికిళ్ళకి జలుబు. ముందు మీ మేనత్తకి."

అన్నట్టే జరిగేది. కువైట్ నుంచి వచ్చినవాడు ఇంటింటికీ వెళ్ళి బామ్ ఇచ్చి, కాఫీ తాగి, కబుర్లు చెప్పకపోతే మర్యాద కాదు. జలుబూ ఆ వరసలోనే వెళ్ళేది. రోగం, మందు ఒకే పెట్టెలో వస్తాయన్నది ఆయన సిద్ధాంతం. అలిగి మాటల్లేని చుట్టాలు మాత్రం నిక్షేపంగా ఉండేవారు.

ఒక వానాకాలం వీరవేణి సెలవు మీద కువైట్ నుంచి వచ్చింది. ఆమె తల్లి పెద్దింట్లమ్మ బజార్లో చేపలమ్ముతుంది. వారం తిరక్కుండా ఊరంతా కళ్ళకలక. 'కువైట్ కలక' అని పేరు కూడా పెట్టేశారు. పెద్దింట్లమ్మ గంప దగ్గరికి పురుగు కూడా రాలేదు. చేపలు రేపటిదాకా ఆగవు కదా, ఏ రోజు గంప ఆ రోజే గోదాట్లో పోసుకుంటోంది.

వీరవేణి మేష్టారి గుమ్మంలోకి వచ్చి ఏడ్చింది. "నేనే తెచ్చానా అండి? మా అమ్మ బేరం పాడైపోయిందండి. లెక్క కట్టి చెప్పండి బాబూ."

లెక్క కట్టాం. ఎటు నుంచి కట్టినా వీరవేణి దగ్గరే ఆగింది. ఆయన గోడమీది పటం దగ్గరికి వెళ్ళి నావైపు తిరిగారు.

"సత్తిరాజూ, మొదటి రోగి ఎవరోయ్?"

"వీరవేణేనండి."

"లెక్క తప్పోయ్!"

మర్నాడు చేపల బజార్లో నల్లబోర్డు వెలిసింది. దాని పక్కన నల్ల కళ్ళద్దాలతో మేష్టారు.

"అయ్యా, ఈ కలక తెచ్చింది నేను! మొన్నామధ్య కాకినాడ వెళ్ళి, ఓడ దిగిన నావికుడితో కరచాలనం చేశాను. స్టేషన్లో పాపం ఆ వీరవేణికి నేనే అంటించాను. కావాలంటే చూడండి." చకచకా లెక్కలతో బోర్డు నింపేశారు.

బోర్డు దగ్గరికి జరిగి చూశాను. మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ వేశారు! ఆ తప్పు చేసిన పిల్లాడికి ఆయన సున్నా వేసేవారు. పైగా ఆ రోజుల్లో ఆయన ఊరు దాటలేదే! నాతో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు.

కొట్టు బుల్లియ్యకు అనుమానం వచ్చింది. కూరగాయలు కొంటున్న అన్నపూర్ణమ్మ గారిని అడిగాడు. "మేష్టారు కాకినాడ వెళ్ళిన మాట నిజమేనా అమ్మా?"

"వెళ్ళారు బాబూ. నా దారపుండ కూడా పట్టుకెళ్ళారు."

ఇంకేం, జనం ఆయన్నుంచి గబగబా వెనక్కి జరిగారు. వెనకాలే పెద్దింట్లమ్మ గంప. బోర్డు అక్కడే ఎందుకు పెట్టించారో నాకప్పుడు అర్థమైంది. వచ్చినవాళ్ళు ఊరికే నిలబడతారా, బేరాలాడటం మొదలెట్టారు. మధ్యాహ్నానికి గంప ఖాళీ. మేష్టారికి మాత్రం మంగలి కూడా గడ్డం గీయనన్నాడు.

"మీకెందుకండీ ఈ నింద?" అన్నాను.

"ఆవిడ రేపు కూడా అమ్ముకోవాలోయ్. నేనేమైనా చేపలమ్ముతానా?"

ఇంతలో పెద్దింట్లమ్మ వచ్చింది. అప్పటికి ఆమె కళ్ళూ కలకతో చింతనిప్పులు. "దేవుడండి మీరు" అంటూ ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. దాని ఫలితం ఏమిటో ఈ జిల్లాలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. గొడుగు చంకలోనే ఉంది. అయినా చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆ క్షణంలో నాకు ఆయన మీద పట్టరాని ప్రేమ పుట్టింది.

తరవాత రెండు మూడు రోజులు ఆయన కాలేజీకి రాలేదు. చూడటానికి వెళితే తలుపు తీసి, నల్లద్దాలు తీసి చూపించారు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చూశావుటోయ్, ఇప్పుడిక నన్నెవరూ అబద్ధాలకోరు అనలేరు!"

ఊరంతటికీ తగ్గుముఖం పట్టాక కలక వచ్చిన 'మొదటి రోగి'ని నేను ఆయన్నొక్కరినే చూశాను.