అరకిలో గ్యాస్, అరవై కిలోల ఇనుము

2023 వేసవి. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో చిన్న ఆఫీసు నాది. ఇంధన ప్రాజెక్టులు గిట్టుబాటవుతాయో లేదో లెక్కగట్టి బ్యాంకులకు రిపోర్టులు రాయడం నా పని. ఒకరోజు రెజిమెంటల్ బజార్‌లో గ్యాస్ సిలిండర్ల వ్యాపారం చేసే యాదగిరి గారు, భార్య సరళ గారితో కలిసి వచ్చారు. మేడ్చల్ వైపు ఒక వనస్పతి ఫ్యాక్టరీకి ఆయన ఏళ్ల తరబడి హైడ్రోజన్ సరఫరా చేస్తున్నారు. నూనెను గట్టిపరచడానికి వాళ్లకది రోజూ కావాలి.

"పొలంల సోలార్ పెడ్త, నీళ్లలకెల్లి హైడ్రోజన్ తీస్త మేడమ్. ఎండ ఫ్రీయే గద. దుకాణం తాకట్టు పెట్టి లోన్ తీస్కుంటా," అన్నారాయన.

నీటిని కరెంటుతో విడగొట్టే యంత్రాన్ని ఎలక్ట్రోలైజర్ అంటారు. ఎండ ఉచితమే, యంత్రం కాదు. సోలార్ ఒక్కటే ఉంటే అది పగలు కొన్ని గంటలే నడుస్తుంది. వడ్డీ మాత్రం రోజంతా నడుస్తుంది. ఎటు లెక్కేసినా, ఆయన ఇప్పుడు తెచ్చి అమ్ముతున్న, సహజవాయువుతో తయారయ్యే హైడ్రోజన్ కంటే ఆయనది చాలా ఖరీదు తేలింది.

"వద్దండీ, దుకాణం పోతుంది," అని రిపోర్టు చేతిలో పెట్టాను.

ఆయన ముఖం వాడిపోయింది. సరళ గారు మాత్రం కళ్లజోడు పెట్టుకుని, సహజవాయువు హైడ్రోజన్ ధర రాసిన పేజీ దగ్గర ఆగారు. వాళ్ల లారీలు పంపే పని ఆవిడదే.

"మేడమ్, గీ ధర యాడిది?"

"గ్యాస్ తయారయ్యే చోటిదండీ."

"గా ధరకు ఫ్యాక్టరీకి ఎట్ల చేరుతది? ఒక్క సిలిండర్ల గ్యాస్ అరకిలో, ఇనుము అరవై కిలోలు. మా లారీ ఇనుమే మోస్తది. ఖాళీగ వచ్చేటప్పుడు సుత మోస్తది."

నాకు సిగ్గేసింది. అన్నీ లెక్కగట్టిన నేను లారీని మర్చిపోయాను.

మళ్లీ మొదలుపెట్టాం. యంత్రం పొలంలో కాదు, వనస్పతి ఫ్యాక్టరీ ఆవరణలోనే. గ్యాస్ పైపులో నేరుగా వెళ్తుంది. పగటి సోలార్ కరెంటుకు కర్నూలు వైపు గాలిమరల కరెంటు కలిపి గ్రిడ్ ద్వారా కొనాలి. పొద్దుగూకాక కూడా గాలి వీస్తుంది కాబట్టి చిన్న యంత్రమే ఎక్కువ గంటలు పనిచేసి సరిపడా గ్యాస్ ఇస్తుంది. గ్యాస్ ధర అప్పటిదాకా ఫ్యాక్టరీ కడుతున్నదాని కంటే కాస్త తక్కువకే వచ్చింది. ఫ్యాక్టరీ యజమాని దీర్ఘకాలపు కొనుగోలు ఒప్పందం రాసిచ్చారు. దాన్ని చూసి బ్యాంకు దుకాణం తాకట్టు అడగకుండానే లోన్ ఇచ్చింది.

యంత్రం నడిచిన మొదటి రోజు నన్నూ పిలిచారు. యాదగిరి గారు పైపు మీద చెయ్యి వేసి చూశారు.

"చప్పుడే లేదేందీ మేడమ్? నడుస్తున్నదా?"

"నడుస్తోందండీ."

"ఈయనకు లారీ హారన్ లేకుంటే పని షురూ అయినట్టే అనిపియ్యదు," అన్నారు సరళ గారు. అందరం నవ్వాం.

ఇప్పుడు ఏ ప్రాజెక్టు వచ్చినా, కరెంటు ధర రాసుకునే ముందే సరుకు ఎవరు ఎక్కడికి చేరుస్తారో అడుగుతాను. ఆ పని చేసే మనిషిని కూడా పిలిపించి, వాళ్లు చెప్పేది మొత్తం విన్నాకే కంప్యూటర్ తెరుస్తాను.