బానెట్ కింద దూది

చాపలా చుట్టిన నల్లటి పీచుపలక ఒకటి చంకలో పెట్టుకుని వచ్చిన మెకానిక్ శ్రీను, నాన్న కాలంనాటి మా పాత ట్రక్కు బానెట్ పైకెత్తి, ఆ పలకను లోపలి రేకుకి ఆనించి కొలత చూసుకుంటున్నాడు. గుంటూరు ఆటోనగర్‌లో మిట్టమధ్యాహ్నం, చుట్టూ గ్రైండర్ల రొద, వెల్డింగ్ మెరుపులు, వేడెక్కిన ఇనుము వాసన. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నదాన్నల్లా ఒక్కసారిగా లేచి, "వద్దు! తీసెయ్, ముందది తీసెయ్!" అని అరిచాను. గ్లాసు కిందపడింది. పక్క షెడ్డులో వాళ్ళు కూడా పని ఆపి నా వైపు చూశారు.

"ఏమైంది మేడం?" అన్నాడు శ్రీను బిత్తరపోయి. "యాభై దాటితే బానెట్ దడదడ కొట్టుకుంటుంది, అది ఆపమన్నది మీరే కదండి. ఇది అతికిస్తే ఆ వణుకు చాలావరకు తగ్గిపోద్ది. నిప్పు కూడా అంటుకోదండి, కావాలంటే చూడండి" అంటూ జేబులోంచి లైటర్ తీసి పలక అంచున వెలిగించాడు. నిజమే, అది మండలేదు, కొంచెం ముడుచుకుని ఊరుకుంది. కానీ బానెట్ కింద ఆ చిన్న మంట కనబడగానే నా గొంతులో కారపు ఘాటు దిగినట్టయింది. కళ్ళు మండాయి. నాకు తొమ్మిది పదేళ్ళప్పుడు జరిగినదానికి, అరవై దాటిన ఒళ్ళు ఇంకా ఇలా వణుకుతుందని నాకే తెలియదు.

మా ఊరు పర్చూరు దాటాక నల్లరేగడిలో ఉంటుంది. వానలు మొదలైతే కాలు తీసి కాలు వేయనివ్వని బంకమట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని బడికి పోవడం, మడమల దాకా నల్లటి మేజోళ్ళు తొడుక్కున్నట్టు మట్టి పట్టుకుని ఇంటికి రావడం. చలికాలం వస్తే చేలల్లో పత్తికాయలు పగిలి, తెల్లవారేసరికి చేను చేనంతా ఎవరో పిండి చల్లినట్టు కనబడేది. ఎండలు ముదిరేవేళకు కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరుచుకుని, గాలి తిరిగితే చాలు ఊరు ఊరంతా తుమ్ములు. కొత్త పండుమిరపకాయలు చింతపండుతో దంచి, మా అమ్మ రోట్లోనే వేడన్నం కలిపి ముద్దలు పెడుతుంటే, ముక్కులు ఎగబీలుస్తూ, నీళ్ళ చెంబు కోసం కొట్టుకుంటూ, మళ్ళీ చెయ్యి చాపేవాళ్ళం.

ఆ ముద్దల్లో ఒకటి ఎప్పుడూ జానీకి. జానీ మస్తాన్ మామ కూతురు. మస్తాన్ మామ దూదేకి పరుపులు కుట్టేవాడు, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవాడు. నాన్నని బావా అనేవాడు, నేను ఆయన్ని మామా అనేదాన్ని. ఆ వరసలు ఎవరు కలిపారో మాకు తెలియదు. ఆయన వసారాలో దూదేకే విల్లు టంయ్ టంయ్ మంటూ మోగుతుంటే, లేచిన నూగు మా జుట్టు నిండా, కనురెప్పల నిండా పడేది. జానీ, నేను ఆ దూదిపింజల్ని నోటితో ఊదుతూ కింద పడనివ్వకుండా ఎవరెక్కువసేపు ఆడిస్తారో పందెం వేసుకునేవాళ్ళం. పీర్ల పండక్కి వాళ్ళింట్లో బెల్లం, నెయ్యి కలిపి నలిపిన మలీదా ముద్ద మాకొచ్చేది, అట్లతద్దికి మా ఇంటి గోరింటాకు దాని చేతులకు పండేది. ఉయ్యాల ఎక్కడానికి మాత్రం జానీ భయపడేది. "నేను ఊపుతాలే, నువ్వెక్కు" అని తాడు పట్టుకుని నిలబడేది.

నాన్న ఆ ట్రక్కు కొనేటప్పటికే అది పొగాకు ఎండబెట్టే బ్యారన్ల చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయిన బండి. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనకాల బస్తాలు వేసుకునే తొట్టి. ఇంజను ఉక్కులాంటిదని నాన్న మురిసిపోయేవాడు కానీ, బానెట్‌కున్న బందులు అరిగిపోయి, కొక్కెం వదులై, మూలల్లో ఉండాల్సిన రబ్బరు ముక్కలు ఎప్పుడో రాలిపోయి, రేకు మీద రేకు పడి అది ఆపకుండా డప్పు కొట్టేది. నాన్న ఊరి పొలిమేరలో ఉండగానే ఆ మోత విని అమ్మ ఇంట్లో అన్నం వార్చేది. "బండి కాదురా ఇది, పీనుగ ముందు మేళం" అనేది మా నాయనమ్మ రాఘవమ్మ. నాయనమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. ఆ పొగ లోపల తిరుగుతుండగానే కూలీల్ని కేకలేసేది, మిరపకాయల ధర తెగేదాకా మిర్చి యార్డులో బేరగాళ్ళతో పోట్లాడేది. నాన్నకు బేరం చేతకాదని ప్రతి లోడుకూ తనే క్యాబిన్లో ఎక్కి గుంటూరు వచ్చేది.

ఒక ఏడాది మిరపకాయల కాలంలో, వరసగా పోతున్న ఎడ్లబండ్లను నాన్న దాటబోతే మా బానెట్ మోతకి ఒక జత ఎడ్లు బెదిరి పక్క కాలవలోకి దూకాయి. వాటి బండి తిరగబడింది. తోలే మనిషి బతికాడు కానీ ఒక ఎద్దు కాలు విరిగింది. నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే మస్తాన్ మామ వచ్చి బానెట్ ఎత్తి చూసి, "రేకు మీద రేకు కొట్టుకుంటా ఉంది బావా. మధ్యలో మెత్తగా ఏదన్నా ఉంటే నోరు మూసుకుంటది" అన్నాడు. ఆయనకు తెలిసిన మెత్తన దూది. గోనెపట్టా రెండు పొరలు చేసి, మధ్యలో దూది కూరి, చిన్న పరుపులా కుట్టి, బంకతో బానెట్ లోపలికి అతికించి, తీగలతో కట్టాడు. నాన్న బండి తీసి వీధిలో ఒక చుట్టు తిప్పుకొచ్చేసరికి జనం ఇళ్ళల్లోంచి బయటికొచ్చి చూశారు. చప్పుడు సగానికి సగం లేదు. మస్తాన్ మామ మొహం ఆ రోజు వెలిగిపోయింది.

తర్వాతి లోడుకు జానీ కూడా మాతో బయల్దేరింది. బస్తాల మీద కూర్చోవడానికి పట్టుకోవడానికి తాడుందన్న ధైర్యంతో జానీ కూడా నాతో పోటీ పడితే, సగం దారి అది, సగం దారి నేను అని నాయనమ్మ తీర్పు చెప్పింది. కింద పడకుండా బస్తాలకు కట్టిన తాడు గట్టిగా పట్టుకుని జానీ పైన కూర్చుంది. నేను క్యాబిన్లో నాన్నకీ నాయనమ్మకీ మధ్య ఇరుక్కున్నాను. పెదనందిపాడు ఇంకా రాలేదు. ముందు ఏదో గుడ్డ కాలుతున్న వాసన వచ్చింది. నాయనమ్మ తన చీర దులుపుకుంది, చుట్ట నిప్పు పడిందేమోనని. ఇంతలో బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ దారాల్లా లేచింది.

ఇంజను వేడికి బంక కరిగి, తీగ తెగి, ఆ దూదిపరుపు వెళ్ళి సెగలు కక్కే సైలెన్సర్ గొట్టం మీద వాలిపోయిందని మాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒకటే, నాన్న బండి ఆపి, నన్ను రెక్కపట్టి కిందికి దించి, "చేలోకి పరిగెత్తు!" అని అరిచి, బానెట్ ఎత్తాడు. ఎత్తగానే, అంతసేపూ గాలి చాలక రగులుకుంటున్నది భగ్గుమంది. నాన్న కనుబొమలు కాలిపోయాయి. ఎత్తిన బానెట్ రేకు మంటను పైకి నెట్టింది. క్యాబిన్ పైదాకా పేర్చిన ముందు వరస బస్తాలకు అది అంటుకుంది.

ఎండుమిరపకాయలు కాలితే ఎలా ఉంటుందో పోపులో ఒక్క మిరపకాయ మాడితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఇక్కడ బస్తాలకు బస్తాలు. ఆ పొగ కంటికి తగలగానే రెప్పలు వాటంతటవే మూతబడ్డాయి. ఊపిరి తీస్తే లోపల నిప్పు పోసినట్టుంది, తీయకపోతే ప్రాణం ఆగదు. నేను పత్తిచేలో బోర్లాపడి మట్టిలో మొహం పెట్టుకున్నాను. నాన్న ఎక్కడో గుడ్డిగా తడుముకుంటూ దగ్గుతున్నాడు. అప్పుడు నాయనమ్మ గొంతు వినబడింది.

"జానీ! ఏమే జానీ! కళ్ళు మూసుకో. నా గొంతు ఎటుందో అటు దూకు. నేను పట్టుకుంటా. దూకవే!"

మళ్ళీ అదే కేక. మళ్ళీ అదే. తర్వాత ఆ గొంతు ఆగిపోయింది. మంటల చిటపటలు తప్ప ఏమీ లేదు. అంతలో దబ్బుమని ఏదో పడ్డ చప్పుడు. కళ్ళు తెరిచే శక్తి వచ్చి చూసేసరికి, రోడ్డు పక్క గుంటలో నాయనమ్మ వెల్లకిలా పడి ఉంది. ఆమె రొమ్ము మీద జానీ. నాయనమ్మ కుడిచెయ్యి ఒంటికింద వంకరగా మడతపడి ఉంది. దగ్గరి పల్లె నుంచి మూతికి తువాళ్ళు కట్టుకుని జనం తడి గోతాలతో, గంపల్లో మట్టితో పరిగెత్తుకొచ్చారు. ట్రక్కు సగం మిగిలింది. ఆ పల్లెలో ఆ రోజంతా ఎవరూ పొయ్యి దగ్గర కూర్చోలేకపోయారట.

"దూకిందిరా పిల్ల! ఆ పొగలోంచి నా గొంతు పట్టుకుని దూకింది. పులిపిల్లరా ఇది!" అని నాయనమ్మ ఆ నొప్పిలోనే వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఊళ్ళో చెప్పింది, పిండికట్టు వేసిన ఆసుపత్రిలో చెప్పింది. ఆ రోజు నుంచి ఊరంతా జానీని పులిపిల్ల అనే పిలిచింది.

మస్తాన్ మామ మాత్రం ఇంట్లోంచి బయటికి రాలేదు. విల్లు మోత ఆగిపోయింది. మామ భార్య ఖాసింబీ అత్త వచ్చి, ఆయన తిండి తినడంలేదని మా అమ్మ దగ్గర ఏడ్చింది. నాన్న ఏమంటాడోనని ఇల్లంతా బిక్కుబిక్కుమంటుంటే, నాయనమ్మే పిండికట్టు చెయ్యి మెడకు వేలాడేసుకుని వెళ్ళి వాళ్ళ వసారాలో కూలబడింది.

"ఒరేయ్ మస్తానూ, చెయ్యి విరిగినోళ్ళకి మెత్తటి పరుపు కావాలంట. కుట్టవా?"

"అత్తా, నేను..." అంటూ ఆయన గోడకి తల ఆనించి బావురుమన్నాడు.

"ఏడవబాక. కుట్టు" అంది నాయనమ్మ.

తర్వాత కొన్నాళ్ళకు నాన్న, మామ కలిసే ఆ బానెట్‌ను మళ్ళీ సరిచేశారు. ఈసారి వేడి తగిలేచోట ఏమీ పెట్టలేదు. బందులు కొత్తవి వేయించి, కొక్కెం బిగించి, పాత లారీ టైరు కోసి మూలల్లో ముక్కలు పెట్టారు. క్యాబిన్ ముందు బానెట్ వాలే అంచు పొడుగునా మంచాలకు అల్లే నవారుపట్టీ మైనంలో ముంచి బిగించారు. చప్పుడు పూర్తిగా పోలేదు గానీ ఎడ్లు బెదరడం మానేశాయి.

ఆటోనగర్‌లో ఆ రోజు శ్రీనుకు ఇదంతా చెప్పాను. అతను పీచుపలక చుట్టి పక్కన పెట్టేశాడు. బందులు మార్చాడు, రబ్బరు దిమ్మలు వేశాడు, నవారు మాత్రం నేనే వెతికి తెచ్చాను. బండి తయారయ్యాక మొదటగా ఎక్కించుకున్నది జానీని. నర్సుగా ఊళ్ళన్నీ తిరిగి, ఎవరూ వెళ్ళని వరదల్లో పడవెక్కి వెళ్ళి పురుళ్ళు పోసి, ఇప్పుడు రిటైరై పొన్నూరులో ఉంటోంది. బండి వేగం యాభై దాటించాను, అరవై అందుకుంది. బానెట్ చెక్కలా నిలబడింది. దారిలో ఎడ్లబండి ఒక్కటి లేదు. పెదనందిపాడు దగ్గర ఆనాడు నాయనమ్మ, జానీ పడిన గుంట పూడ్చేసి అక్కడ కోల్డ్ స్టోరేజీ కట్టారు. బండి పక్కకు తీసి ఆపాను.

"ఇక్కడే కదూ నువ్వు దూకింది" అన్నాను.

జానీ కిటికీ అద్దం దించి అటు చూసింది. తర్వాత, "నేను దూకలేదు పద్మా" అంది.

నేను ఆమె వైపు తిరిగాను.

"మీ నాయనమ్మ పిలుస్తానే ఉంది. నాకు కాళ్ళు రాలేదు. తాడు పట్టుకుని బిగుసుకుపోయా. ఇంక పిలవడం ఆపేసి, టైరు మీద కాలేసి ఆవిడే ఎక్కింది, ఆ పొగలోకి. నా వేళ్ళు ఒక్కొక్కటే తాడు నుంచి ఊడదీసింది. నన్ను రొమ్ముకి అదుముకుని అట్టాగే వెనక్కి పడిపోయింది. గుంటలో పడ్డాక నా చెవిలో చెప్పింది, 'నువ్వే దూకావు. మీ నాన్న అడిగినా అదే చెప్పు' అని."

"ఎందుకు?" అన్నాను.

"దూది పెట్టింది మా నాన్న గదా. ఆ మంటలోకి ముసలామె ఎక్కాల్సి వచ్చిందని తెలిస్తే ఆయన ఉరేసుకునేవాడు. అందుకేనేమో. నేనింకో సంగతి కూడా అనుకుంటా ఉంటా. ఉయ్యాలంటే భయపడే పిల్లని పులిపిల్ల అంటే, ఇంక నేనేం చెయ్యను? పులిపిల్లగానే బతకాల్సొచ్చింది."

ఆమె నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళు నేను ఈ కథ పిల్లలకు చెప్పాను, మనవళ్ళకు చెప్పాను, ప్రతిసారీ జానీ చేత దూకించాను. నాయనమ్మ పోయేదాకా ఆవిడ పక్కనే పడుకున్నదాన్ని, ఒక్కసారీ ఆవిడ నోరు జారలేదు. వెళ్ళి నిలదీద్దామంటే నాయనమ్మ లేదు. నాన్న లేడు. మస్తాన్ మామ తన కూతురు దూకిందనే నమ్మి, అది పదిమందికీ చెప్పుకుని, సంతోషంగా పోయాడు.