సంతకం పెట్టని సెలవు చీటీ

2003 జూలైలో పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక కాలేజీలో ఆడపిల్లల హాకీ జట్టుకి హెడ్ కోచ్‌గా చేరాను. నా చదువు పదో తరగతితో ఆగింది. అయితే స్కూలు రోజుల నుంచీ కర్ర పట్టినదాన్ని, మెయిన్‌లాండ్ వెళ్ళి కోచింగ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నదాన్ని, అందుకని తీసుకున్నారు. హెడ్ కోచ్ అంటే నా కింద పెద్ద బలగం ఉందనుకోకండి. ఉన్నది గ్రౌండ్ చూసుకునే అప్పలరాజు ఒక్కడే. గీతలకి సున్నం వేసేదీ, బంతులు ఏరేదీ, నా తప్పు నా మొహం మీదే చెప్పేదీ అతనే.

మరుసటి ఏడాది డిసెంబరులో క్యాంపు పెట్టాను. జనవరిలో ఓడెక్కి చెన్నై వెళ్ళి యూనివర్సిటీ పోటీల్లో ఆడాలి. మా జట్టు అంతకు ముందెప్పుడూ సముద్రం దాటలేదు. పదహారు మంది పేర్లు పంపేశాక, పోటీలు ముగిసేదాకా పిల్లల బాధ్యత కోచ్‌దే. సెలవు చీటీ మీద ముందు పిల్ల, తర్వాత కోచ్, ఆఖర్న వార్డెన్ సంతకం చేయాలి. నా సంతకం లేకపోతే వార్డెన్ ఆ కాగితం ముట్టుకోదు.

ఆ పదహారు మందిలో ఎస్తేర్ ఒకతె. కార్ నికోబార్ దీవి పిల్ల. లెఫ్ట్ వింగ్ ఆడేది, అంటే మైదానంలో ఎడమ గీత పక్కన పరుగెత్తే మనిషి. హాకీ కర్రకి ఒక్క వైపే చదును ఉంటుంది. ఆ ఎడమ మూల నుంచి బంతిని మధ్యకి కొట్టాలంటే పరుగెత్తుతూనే ఒళ్ళంతా తిప్పాలి. చాలామంది అక్కడ ఒక్క క్షణం ఆగుతారు, ఆగితే బంతి పోతుంది. ఎస్తేర్ ఆగేది కాదు. అంత వేగం ఉన్న పిల్ల మళ్ళీ నా చేతికి రాలేదు.

క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు చీటీ పట్టుకుని వచ్చింది. మేం హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. “దీదీ, ఛుట్టీ కావాలి. రేపు జహాజ్ ఉంది. చెల్లి చర్చిలో మొదటిసారి పాడుతోంది” అంది. నికోబార్ వాళ్ళకి క్రిస్మస్ అంటే ఊరు ఊరంతా ఒక్కచోట కూర్చుని తినే పండగ. ఆ సంగతి నాకు తెలుసు. తిరుగు ఓడ ఏ రోజు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరన్నదీ తెలుసు. చీటీ మీద ‘క్యాంపు తర్వాత’ అని రాసి, మడిచి, తిరిగి ఇచ్చేశాను. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు.

చెప్పింది అప్పలరాజు. “ఒగ్గీ అక్కా. నీ కన్నోరిల్లు ఈ ఊర్లోనే, డిగ్నాబాద్‌లో. పొయ్యి మీద పాలెట్టి ఎల్లినా పొంగేలోపు తిరిగొచ్చేస్తావు. ఆ పిల్లకి అలాగవుద్దా?”

“నువ్వు నీ సున్నం చూసుకో” అన్నాను.

“సున్నం గీత వంకరయితే తుడిచి మళ్ళీ యేస్తాను లే” అని గొణుక్కుంటూ పోయాడు.

ఇరవై ఆరు, ఆదివారం. పొద్దున్నే ప్రాక్టీసులో ఉండగా భూమి ఊగింది. పిల్లలు ఉన్నచోటే కూలబడ్డారు, గోల్ పోస్టులు గడగడలాడాయి. ఊగడం ఆగాక లెక్క చూసుకున్నాను. పదహారు మందీ నా ఎదుటే ఉన్నారు. ఆ నిమిషంలో నాకు కలిగింది గర్వమే. సముద్రం సంగతి ఇంకా మాకు తెలియదు.

సాయంత్రానికి, కార్ నికోబార్‌ని సముద్రం ముంచేసిందన్న మాట అందరి నోటా వచ్చింది. ఫోన్లు కలవడం లేదు. నాలుగు రోజులకి మా గ్రౌండ్ నిండా గుడారాలు వేశారు. నికోబార్ నుంచి బతికి వచ్చినవాళ్ళని అందులో ఉంచారు. ఎస్తేర్ ఒక్కో గుడారం ముందు ఆగి తన ఊరి పేరు చెప్పి అడుగుతూ తిరిగింది. నేనూ వెంట నడిచాను. చివరి వరసలో వాళ్ళ మామయ్య కనిపించాడు. కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. పరుగెత్తగలిగినవాళ్ళు కొబ్బరి తోట దాటి ఎత్తుకి ఎక్కారట. వాళ్ళ నాన్న ఒక చేత్తో అమ్మని పట్టుకుని, చెల్లిని వీపున వేసుకుని పరుగెత్తాడట. ముగ్గురూ తోట దాటలేదు.

ఎస్తేర్ నా వైపు తిరిగింది. “నేనుంటే చెల్లిని ఎత్తుకుని పరుగెత్తేదాన్ని, దీదీ” అంది. అరవలేదు, ఏడవలేదు. కొలత చెప్పినట్టు చెప్పింది.

ఓడలన్నీ సహాయం పనికి వెళ్ళిపోయాయి. మా చెన్నై ప్రయాణం రద్దయింది. ఏ పోటీ కోసం ఆ పిల్లని ఆపానో ఆ పోటీలో మేం అడుగే పెట్టలేదు. జనవరిలో పిల్లలందరినీ కూర్చోబెట్టి ప్రిన్సిపాల్ గారు మాట్లాడారు. కోచ్ గారి క్రమశిక్షణ వల్ల ఒక ప్రాణం నిలిచిందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వరసలో ఎస్తేర్ తల దించుకుని కూర్చుంది. లేచి కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు ఎస్తేర్ కర్రలు పెట్టే గదికి వచ్చింది. అదే చీటీ, అవే మడతలు. “క్యాంపు తర్వాత అన్నారు కదా దీదీ. క్యాంపు అయిపోయింది.”

నా రాత కిందే సంతకం పెట్టాను. వార్డెన్ కూడా ఏమీ అడక్కుండా పెట్టింది. రెండు రోజులకి మామయ్యతో కలిసి సామాన్లు తీసుకెళ్ళే ఓడలో వెళ్ళిపోయింది. బూట్లు గదిలోనే వదిలేసింది.

తిరిగి రాలేదు. నికోబార్‌కి వెళ్ళాలంటే మాబోటి బయటివాళ్ళకి పర్మిట్ కావాలి. రెండుసార్లు అర్జీ రాశాను, రెండుసార్లూ ఆఫీసులో ఇవ్వకుండా నా దగ్గరే ఉంచేసుకున్నాను. ఆమె ఎదుట నిలబడి ఏం చెప్పాలో తెలియక. అక్కణ్ణించి చదువుకోవడానికి వచ్చిన పిల్లలని అడిగేదాన్ని. మామయ్య పిల్లల్ని చూసుకుంటోందన్నారు. హాకీ ఆడుతోందో లేదో తెలియదన్నారు.

వెళ్ళి ఉంటే తనూ పోయేదేమో. చెల్లిని మోసుకుని ఇద్దరూ ఎత్తుకి ఎక్కేవారేమో. రిటైరయ్యాక కూడా ఈ రెండూ బేరీజు వేసుకుంటూనే ఉన్నాను. తేలలేదు, తేలదు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు పనిచేశాను. ఇంటికి వెళ్తానన్న చీటీ ఏదీ ఆపలేదు. ఒక ఏడాది గోల్‌కీపర్ లేకుండానే పోటీకి వెళ్ళి చిత్తుగా ఓడాం. కోచ్ మెత్తబడిందని ఆఫీసులో అనుకున్నారు. మెత్తదనం కాదు. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పడం కోచ్ పని. అది అప్పలరాజు వేసిన సున్నం గీతల లోపలి వరకే. నేను ఆ గీత దాటి ఒకసారి చెప్పాను.