గుమ్మడికాయ చేతుల జాకెట్టు

ఒక్క జాకెట్టుతో రెండు ఊళ్ళ జనానికి ఊపిరాడకుండా చేసిన ఘనత మా కొండల్లో నాకొక్కదానికే దక్కింది. ఎలాగో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. ఆనాడు నాకు మాత్రం నవ్వు రాలేదు.

పంతొమ్మిది వందల ఇరవైల మాట. అరకు లోయకి రైలు లేదు, బస్సు లేదు, మా ఊరికి జాకెట్టు కూడా లేదు. ఆడవాళ్ళం చీరనే భుజం మీద ముడేసుకునేవాళ్ళం. అలాంటిది నేను ఫారెస్టు బంగళాలో రేంజరు గారి భార్య తొడుక్కున్న బుట్టచేతుల జాకెట్టు చూశాను. ఇక అన్నం సయిస్తుందా?

నా పోరు పడలేక మా నాన్న పసుపు అమ్మిన సంతలోనే ఎర్రపూల గుడ్డ కొనిచ్చాడు. రేంజరమ్మగారు పాత పేపరు మీద జాకెట్టు ముక్కలు గీసి కత్తిరించి ఇచ్చారు.

"కాగితం ఎలా ఉందో గుడ్డ అలాగే కత్తిరించు. జాకెట్టు ముడి ముందుకే రావాలి. సొంత తెలివి వాడకు," అన్నారు. పాపం, నా తెలివి ఎంతటిదో ఆవిడకి తెలియదు.

ఇంట్లో మా వదిన, అంటే మా అన్న భార్య, అడ్డాకుల విస్తళ్ళు కుడుతూ నన్ను ఓరగా చూస్తూనే ఉంది.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు?"

"కాయితంలో సేతులు సిన్నగున్నాయొదినా. జానెడు పెంచుతన్నాను."

"గుడ్డ సాల్దే."

"నాకొగ్గెయ్. నాను సూసుకుంటాను."

"పండక్కి పక్కూరోళ్ళు వత్తన్నారు. నిన్ను సూడ్డానికే. ఆళ్ళ ముందర పరువు తియ్యకు."

పిండి కొద్దీ రొట్టె అంటారు. నాది చేతుల కొద్దీ జాకెట్టు. ఆ రెండు చేతులూ సగం గుడ్డ మింగి గుమ్మడికాయల్లా కూర్చున్నాయి. ముందు భాగానికి ఎలాగో సరిపోయింది. వీపుకొచ్చేసరికి రెండు పీలికలు మిగిలాయి, అవి ఒకదాన్నొకటి అందుకోవడం లేదు. వేరేవాళ్ళయితే ఏడ్చేవాళ్ళు. నేను ముడి వెనక్కి మార్చేసి, వీపు మధ్య సందు వదిలి, గుడ్డతాళ్ళు కుట్టి, ఇదే కొత్త ఫ్యాషనన్నాను.

వదిన నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "మా విస్తరాకుల కుట్టే నయం. అన్నం పెట్టినా ఊడదు," అంది.

అసూయ అనుకున్నాను. తాళ్ళు అందరికీ కనపడాలని కొంగు కూడా ముందుకే బిగించుకున్నాను.

చైత్రం పండగనాటి సాయంత్రం ఆడవాళ్ళం వరసకట్టి ఆడే థింసా మొదలైంది. పక్కూరి పెద్దావిడ నన్నే చూస్తోంది. ఆవిడ కొడుకు సోమన్న, అంటే నాకు చూసిన సంబంధం, డప్పు కొడుతున్నాడు. థింసా ఆడేటప్పుడు చేతులు ఎక్కడుంటాయో మా కొండల్లో పసిపిల్లకైనా తెలుసు. పక్కవాళ్ళ వీపు వెనక. జాకెట్టు కుట్టినన్నాళ్ళూ ఆ సంగతి గుర్తు రానిది నాకే.

కుడిపక్క కాసులమ్మ, ఎడంపక్క చిలకమ్మ. ఇద్దరి చేతులూ నా వీపు వెనక కలుసుకున్నాయి. రెండు అడుగులు వేశామో లేదో, తాళ్ళు పుటుక్కుమన్నాయి.

"ఏటే అది?" అంది కాసులమ్మ.

"నా పరువు. గట్టిగా పట్టుకో."

ఒక పీలిక కాసులమ్మ పిడికిట్లో, రెండోది చిలకమ్మ పిడికిట్లో. వాళ్ళు వదిలితే జాకెట్టు ముందుకి జారిపోతుంది. ఆట ఆగితే వాళ్ళు వదులుతారు. డప్పు ఆగితే ఆట ఆగుతుంది. అంచేత డప్పు నెమ్మదించినప్పుడల్లా నేను కేకేశాను.

"కొట్టండి, ఇంకా కొట్టండి."

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నాకు ఆటా వచ్చు, మద్దెలా గట్టిదే. ఓటిదల్లా జాకెట్టు. కాసులమ్మ రొప్పుతోంది, చిలకమ్మ నన్ను తిడుతోంది, వరస వరసంతా తూలుతోంది. అప్పటికి మా వదిన సంగతి కనిపెట్టి, దుప్పటి పట్టుకొచ్చి నా వెనకే నడవడం మొదలెట్టింది.

"కప్పేదా?"

"బేగి కప్పొదినా."

"ముందు సెప్పు. నీ కుట్టు బాగుందా, నా విస్తరాకు బాగుందా?"

నాకు పౌరుషం వచ్చింది. "నా కుట్టే," అన్నాను. ఆవిడ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది. ఇంకో చుట్టు తిరిగాక నా కాళ్ళు నాకంటే ముందు ఒప్పుకున్నాయి.

"నీ విస్తరాకే."

దుప్పటి పడింది, డప్పు ఆగింది, జనం ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. సిగ్గుతో చచ్చిపోయాననే అనుకున్నాను. ఇక ఈ సంబంధం అడవిలో కలిసిందనుకుని తల దించుకున్నాను. పక్కూరి పెద్దావిడ మాత్రం నా గడ్డం పట్టుకుంది.

"ఊరంతా అలిసినా ఈ గుంట అలిసిపోలేదు. మా పోడు పనికి ఇలాటిదే కావాల."

పెళ్ళయ్యాక సోమన్నకి జాకెట్టు కథ చెప్పాను. అతను తన అరచేతులు చాపి చూపించాడు.

"ఆపుదామనుకున్నప్పుడల్లా కొట్టమని కేకేసినావు. నా డప్పంటే నీకు మోజనుకున్నాను. అరసేతులు బొబ్బలెక్కినా అందుకే కొట్టినాను," అన్నాడు.

ఆ చేతులు చూశాక కొండదేవత సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో కాగితం దాటి కత్తెర కదలనివ్వను. ముడి ముందే వేసుకుంటాను. చేతులు మాత్రం జానెడు పెంచుకుంటాను, అది ఒట్టులో లేదు.