పెద్ద టీచరు గారి తుంగచాప

మా పెద్ద టీచరు గారు పోయారన్న కబురు నాకు ఫోనులో వచ్చింది. మా టీచర్ల గ్రూపులో మధ్యాహ్న భోజనం ఫోటోలు వెంటనే ఎక్కించమన్న మెసేజి ఒకటి, దాని కింద ఆవిడ పోయిన వార్త, ఆ కింద ఇంకా ఎక్కించని బడుల పేర్లు. గుడివాడలో చెల్లెలి గారింట్లో నిద్రలోనే వెళ్ళిపోయారట. కాసేపటికి చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. ఎవరో 'శాంతమూర్తి' అని రాశారు. ఇంకెవరో 'జీవితంలో ఎవరినీ నొప్పించని మనిషి' అన్నారు. రాబోయిన ఏడుపు కాస్తా ఆగిపోయి నాకు ఒళ్ళు మండింది. ఆవిడ శాంతమూర్తి ఏమిటి? నొప్పించాల్సిన వాళ్ళని శుభ్రంగా నొప్పించారు. పోయినవాళ్ళు నోరు తెరిచి కాదనలేరు కాబట్టి వాళ్ళ తరఫున నేను చెబుతున్నాను.

ఆవిడ ఉద్యోగమంతా దివిసీమ ప్రాథమిక పాఠశాలల్లోనే గడిచింది. నేను నాగాయలంక అవతల ఒక చిన్న బడిలో కొత్తగా చేరినప్పుడు ఆవిడని మొదటిసారి చూశాను. నెలకోసారి చుట్టుపక్కల బడుల టీచర్లందరం ఒకచోట చేరే సమావేశం ఉంటుంది మాకు. పొద్దుటి నుంచీ సర్క్యులర్లు చదువుతారు, మేము తలలూపుతాం. అన్నాల వేళకి మాత్రం ఆవిడ వరండాలో తుంగచాప పరిచి, భుజాన ఉన్న గుడ్డసంచి దాని మీద బోర్లించేవారు.

అందులో ఉండేవన్నీ ఆవిడకి ఇష్టమైనవే. ఘంటసాల పొలాల్లో ఏరిన రకరకాల వరికంకులు, మూలలు నలిగిన బొమ్మల కథల పుస్తకాలు, పెడనలో అరిగిపోయాయని పక్కన పడేసిన కలంకారీ చెక్క అచ్చులు, పిల్లలు తాతలని అడిగి గీసిన ఊరి కాలవల పటం. "ఇవి నాకు నచ్చినవండీ. మీ పిల్లలకి పనికొస్తాయనుకుంటే పట్టుకెళ్ళండి" అనేవారు. మొహమాటపడి చూస్తూ నిలబడితే కోప్పడేవారు. పుస్తకం నలిగిపోయిందని ఎవరైనా అంటే, "నలగలేదంటే దాన్ని పిల్లలెవరూ ముట్టుకోలేదని" అని వాళ్ళ చేతిలోనే పెట్టేసేవారు.

చాప దగ్గర రెండు షరతులు. ఎంతటివాళ్ళయినా కింద కూర్చోవాలి. తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ నెల అవి తిరిగి తెచ్చి ఏం చేశారో చెప్పాలి, అదీ చెడిపోయిన భాగం ముందు చెప్పాలి. బాగా జరిగింది, పిల్లలు చాలా ఆనందించారు అని ఎవరైనా మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేవారు. "అది పైవాళ్ళకి రాయండి. ఎక్కడ బెడిసికొట్టిందో నాకు చెప్పండి." నిజానికి అసలు పాఠం అక్కడే ఉండేది. ఎవరి తరగతిలో పిల్లలు ఆవలించారో, ఏ ప్రశ్న అడిగితే అందరూ నోళ్ళు మూసుకున్నారో ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఆవిడ తన సంగతే ముందు చెప్పేవారు. ఒకసారి కర్ర పాతి నీడ కొలిపించబోతే ముసురు పట్టిందట. పిల్లలు పలకల మీద 'నీడ రాలేదు' అని రాసి చూపించారట. "ఎందుకు రాలేదురా అని అడిగితే అదే మంచి పాఠం అయ్యేది. నేను మొద్దులా కర్ర పీకించేశాను" అన్నారు. అంత అనుభవం ఉన్న మనిషి మా ముందు తనని తాను మొద్దునని అంటుంటే కొత్తగా చేరిన మాకు ఎంత ధైర్యంగా ఉండేదో చెప్పలేను.

నేను మొదట తీసుకెళ్ళినవి అచ్చులు. మామిడిపిందె బొమ్మ చెక్క మీద ఒకవైపు తిరిగి ఉంటే గుడ్డ మీద రెండోవైపు తిరిగి పడుతుంది, ఎందుకో పిల్లలే కనుక్కోవాలి. గంజిలో నీలిమందు కలిపి పాత చీర ముక్క మీద వేయించాను. నేను రిజిస్టరు పని మీద ఆఫీసు గదిలోకి వెళ్ళి వచ్చేసరికి చీర ముక్క అయిపోయింది, పిల్లలు అచ్చులతో గోడ మీద పడ్డారు. అది రంగులు వేయించి పట్టుమని వారం కాని గోడ. చేతికందినంత మేర నీలి మామిడిపిందెలే. ఆ మర్నాడే తనిఖీ.

ఫోన్ చేస్తే ఆవిడ, "కడగొద్దు. వస్తున్నా" అన్నారు. తన బడికి సెలవు పెట్టుకుని వచ్చి నా తరగతిలో పిల్లల మధ్యన కూర్చున్నారు. తనిఖీకి వచ్చిన అధికారి గోడ చూసి నా మీద కేకలేశారు. ఆవిడ లేచి, "పిల్లల చెయ్యి పడని గోడ కావాలంటే బడి ఎందుకండీ, గోడౌను కట్టించుకోండి. ఇలా కూర్చోండి. ఆ పిందెలు ఎందుకు తిరగబడ్డాయో వీళ్ళు చెబుతారు, వినండి" అన్నారు. ఆయన కూర్చోలేదు. కానీ మూడో తరగతి పిల్ల ఒకతె అద్దంలో మొహం చూసుకున్నట్టేనండీ అని చెబుతుంటే గుమ్మం దాటి వెళ్ళనూ లేదు. నాకు మెమో రాలేదు. ఆవిడకి వచ్చింది. దాన్ని మడతపెట్టి వరికంకులకి అట్టగా వాడుకున్నారు.

తరవాత స్మార్ట్ ఫోన్లొచ్చాయి, యాప్‌లొచ్చాయి. పాఠం ఎలా చెప్పాలో పైనుంచి వీడియోలు రావడం మొదలైంది. సమావేశాల్లో సొంత సామాన్లు తేవద్దని నోటిమాటగా హుకుం. ఆవిడ సరేనన్నారు. "మీటింగులో పరవను. అన్నం తినేటప్పుడు పరుచుకుంటాను. నేను కూర్చుని తినే చాపకి మీ పర్మిషన్ ఎందుకండీ?"

రిటైరయ్యాక గుడివాడలో చెల్లెలి గారింటికి చేరారు. అయినా ప్రతి సమావేశానికీ పామర్రులో బస్సు మారి వచ్చేవారు. రిటైరైనవాళ్ళకి లోపల ప్రవేశం లేదన్నారు. ఆవిడ గేటు ఎదురుగా ఉన్న టీకొట్టు పంచలో చాప పరిచారు. మేము క్యారియర్లు పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళేవాళ్ళం. లోపల వీడియో ఆడుతూ ఉండేది, బయట మా నవ్వులు వినపడుతుండేవి. మమ్మల్ని మారుమూల బడులకి వేస్తామని బెదిరించారు. దివిసీమలో ఉన్నవాళ్ళని ఇంకా మారుమూలకి అంటే సముద్రంలోకే వెయ్యాలి అని ఆవిడ నవ్వారు.

చివరిసారి నేను గుడివాడ వెళ్ళినప్పుడు మంచం మీద ఉన్నారు. మాట నెమ్మదించింది గానీ పదును తగ్గలేదు. "సభ పెడతారు, నాకు తెలుసు. శాలువాలు, దండలు. మీరు మాత్రం నన్ను పొగడొద్దమ్మా. నా దగ్గర తీసుకున్నవాటిల్లో ఏది పనిచెయ్యలేదో చెప్పండి." నేను మాట మార్చబోయాను. "వినపడిందా?" అన్నారు. వినపడిందండీ అన్నాను.

బందరులో సభ జరిగింది. ఆవిడ ఊహించినవన్నీ ఉన్నాయి. వేదిక పక్కన కొత్త అద్దాల బీరువా ఒకటి కూడా ఉంది. చెల్లెలు గారు పంపించిన సంచిలోని సామానంతా అందులో సర్ది, పై అరలో ఆవిడ ఫోటో పెట్టి దండ వేశారు. టీకొట్టు దాకా ఆవిడని నెట్టినవాళ్ళే ఆవిడ సేవల గురించి ఘనంగా మాట్లాడారు. చివర ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి తాళంచెవి చూపించి, ఈ సంపదని కలకాలం భద్రంగా ఉంచుతామని, ఉపాధ్యాయులు ఎప్పుడైనా వచ్చి చూసి స్ఫూర్తి పొందవచ్చని ప్రకటించారు.

నా పేరు పిలిచారు. మైకు దగ్గరికి వెళ్ళాను. "ఆవిడ ఇచ్చిన కాలవల పటం నా పిల్లలకి అర్థం కాలేదు" అన్నాను. "అది వాళ్ళ ఊరి పటం కాదు. వాళ్ళ ఊరిది వాళ్ళ చేత గీయించాలని నాకు తోచలేదు. ఇప్పుడు గీయిస్తాను. నమూనాకి ఆ పటం మళ్ళీ కావాలి, పట్టుకెళ్తాను." అధికారి గారు నవ్వు మొహంతోనే, అప్లికేషన్ పెట్టుకోమన్నారు. పరిశీలిస్తామన్నారు.

ముందు వరసలో కూర్చున్న చెల్లెలు గారు లేచారు. "మా అక్క ఎవరి చేతా అప్లికేషన్ రాయించలేదండీ. అవి నేను పంపించినవే. నేనే ఇస్తున్నాను, తీసుకోమ్మా" అన్నారు.

బీరువాకి ఇంకా తాళం వెయ్యలేదు, నేను తలుపు తెరిచి పటం తీసుకున్నాను. నా వెనక ఘంటసాల నుంచి వచ్చిన మాస్టారు వచ్చి, ఆ కంకుల్లో పురుగు పట్టిందని పిల్లల ముందు విసుక్కున్నాను, ఆ పురుగునే చూపించాల్సింది అని చెప్పి కంకుల కట్ట అందుకున్నారు. ఆయన వెనక ఇంకొకరు. వరస హాలు గుమ్మం దాకా సాగింది. "ఇదేమిటండీ, రిపోర్టు రాయాల్సొస్తుంది" అని అధికారి గారు మైకులోనే అన్నారు. "రాయండి సార్. అందరి పేర్లూ రాయండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

తాళంచెవి ఆయన చేతిలోనే ఉండిపోయింది. మేము బస్సుల వేళయిందని సంచులు సర్దుకుని బయటికి వచ్చేశాం. గుమ్మంలో వెనక్కి తిరిగి చూశాను. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, అరలన్నీ ఖాళీ. దండ వేసిన ఫోటో ఒక్కటే మిగిలింది. దాన్ని మాలో ఎవరం ముట్టుకోలేదు, అది వాళ్ళకి వదిలేశాం.