ఏరి ఇచ్చిన ప్రసాదం

నాలుగేళ్ల మా అమ్మాయికి వేరుశనగ పడదు. ఒక్క గింజ లోపలికి పోయినా పెదవులు ఉబ్బుతాయి, గొంతు బిగుసుకుని ఊపిరి ఆడదు. అందుకే మాటలు వచ్చిన నాటి నుంచి దానికి ఒక ప్రశ్న నేర్పాను. ఎవరేమిచ్చినా చేయి చాచే ముందు, వేరుశనగకు ఇక్కడివాళ్లు అనే మాటతోనే అడగాలి: "దీంట్లో కడలకాయ ఉండాదా?" దేవుడున్నాడా అని పైకి అడగడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. అది నాలుగేళ్లకే అడుగుతోందని లోలోపల గర్వపడేదాన్ని.

మేముండే ఈ అరవ ఊళ్లో, ఆర్.ఎస్. పురంలో ఒక మేడ మీద చిన్నపిల్లల బడి నడిపే ఆమె మన తెలుగావిడే. మా హేతువాద సభలకు వచ్చేది. మూఢనమ్మకాల మీద నేను మాట్లాడుతుంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్లు చూసే పిల్లను అక్కడ చేర్చాను. చేర్చిన రోజు కాగితం మీద రాసిచ్చాను: టిఫిన్ డబ్బాలు మార్చుకోనివ్వద్దు, పుట్టినరోజు మిఠాయిలు పెట్టొద్దు. ప్రసాదం అని మొదలుపెట్టబోతే ఆమె నా చేయి పట్టుకుంది.

"అది మాత్రం రాయొద్దక్కా. మిగతా తల్లులు చూస్తే, ఈయమ్మ సామితో సండకి, కొట్లాటకి వచ్చిందంటారు. నేను చూసుకుంటా, కవలపడొద్దు, దిగులే వద్దు."

కలం మూశాను. వాదించకుండా ఒకరి మాట నమ్మడం నాకు అలవాటు లేదు. ఆ రోజు నమ్మాను.

సెలవులకు ముందు బడిలో సరస్వతి పూజ చేశారు. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"పాప వాంతి చేసుకునిందక్కా. ఎండ ఒత్తుకోలేదేమో, ఒంటికి పడలేదేమో. వచ్చి తోడుకొనిపొండి."

నేను వెళ్లేసరికి చాప మీద పడుకుని ఉంది. పెదవులు ఉబ్బాయి, ఊపిరి ఎగపోస్తోంది.

"ఏం తినింది?"

"మీ ఇడ్లీలేక్కా. ఇంకేమీ లేదు."

ఆసుపత్రిలో డాక్టరుకు ఆ అబద్ధాన్నే అప్పజెప్పాను. అన్నిటికీ రుజువు అడిగే నేను. ఆయన నా మాట కాదు, పిల్ల పెదవులు చూసి ఇంజెక్షన్ వేశాడు. గంట తర్వాత దానికి గొంతు పెగిలింది.

"మిస్సు పొరి ఇచ్చింది. నేను అడిగితినిమా. లేదనింది."

పూజ పొరి అంటే మరమరాల్లో బెల్లం, పుట్నాలు, వేయించిన వేరుశనగ కలిపి పంచేది.

మర్నాడు ఆమె ఎదుట నిలబడ్డాను.

"గింజలన్నీ నా చేత్తో ఏరేస్తి కదక్కా. పూజనాడు బిడ్డకి ప్రసాదం లేదని ఎట్ల చెప్పేది? చదువు రాకుండా పోతే?"

"మరి ఎండ అని ఏమిటికి చెప్తివి?"

"మీరు మీటింగులో చెప్పేస్తారని."

గింజలు ఏరిందంటే ప్రమాదం తెలుసు. తెలిసీ పెట్టింది. పిల్ల ఊపిరి అందక ఎగపోస్తుంటే, నా ఉపన్యాసానికి భయపడి దాచింది. ఇన్నేళ్లు నేను మాట్లాడింది ఆమెకు చేరలేదు. భయం మాత్రం చేరింది.

బడి మాన్పించాను. మరుసటి పొద్దున ఇడ్లీ తుంచి చట్నీలో అద్ది నోటి దగ్గర పెట్టాను. నోరు తెరవలేదు.

"దీంట్లో కడలకాయ ఉండాదా?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎన్నడూ అడగలేదు.

"లేదు తల్లీ."

"మిస్సు కూడా లేదనింది."

కోపం రాలేదు. లేచి వంటింట్లోంచి చట్నీలో వేసినవన్నీ, కొబ్బరి చిప్ప, పుట్నాల డబ్బా, పచ్చిమిరపకాయలు తెచ్చి దాని ముందు నేల మీద పెట్టాను. డబ్బాలో చేయి పెట్టి చాలాసేపు కెలికింది. ఇడ్లీ చల్లారిపోయింది. అప్పుడు నోరు తెరిచింది.